పది జతల తాళ్ళు

కావలి పోస్టాఫీసులో ఆనందకుమారికి భయపడని వాణ్ణి నేనొక్కణ్ణేనని అందరితో చెప్పుకునేవాణ్ణి. ఆమె వినేంత దగ్గర్లో ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడూ అనలేదు.

నేను ముందు గదిలో స్టాంపులూ మనియార్డర్లూ చూసే గుమాస్తాని. ఆమె వెనక గదిలో టెలిఫోను ఎక్స్ఛేంజికి పెద్ద ఆపరేటరు. రెండు గదులకీ నడుమ ఉన్న తలుపు గడియ ఊడిపోయి ఏళ్ళయింది. బాగుచేయించండి మహాప్రభో అని ఎన్ని అర్జీలు పెట్టినా పైవాళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు. అందువల్ల ఆ గదిలో ఎవరు ఏమన్నా నా చెవిన పడేది. పనిగట్టుకుని వినలేదు గానీ, చెవులు మూసుకునీ కూర్చోలేదు.

ఆమెది అల్లూరు. మిషను బడి పంతులు కూతురు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఎలిశబెతమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి స్కూలు ఫైనలు దాకా చదివించింది. 1958లో ఉద్యోగం వచ్చి కావలిలో దిగినప్పుడు, "ఆడపిల్లకి ఈ తాళ్ళూ తీగలూ ఏం తెలుస్తాయి?" అని మూతులు విరిచినవాళ్ళే ఊరంతా. ఏడాది తిరిగేసరికి ఆ మూతులే "అమ్మాయ్, కాస్త నెల్లూరు కలుపు తల్లీ" అని బతిమాలడం మొదలుపెట్టాయి. ఆదివారం చర్చిలో ఆమె పాడుతుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. సోమవారం అదే గొంతుతో, ఫోనులో అరిచే వ్యాపారస్తుణ్ణి, "నాకేం చెవుడు లేదన్నా, నిదానంగా చెప్పండి" అని కసిరేది.

ఇప్పటివాళ్ళకి ఆ బోర్డు ఎట్లా ఉండేదో చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. ఊళ్ళో అరవై దాకా ఫోన్లు. ప్రతి ఫోనుకీ పక్కన ఒక హ్యాండిలు. అది గిర్రున తిప్పితే ఇక్కడ బోర్డు మీద ఆ నంబరు దగ్గర చిన్న రేకు మూత టక్కున పడేది. ఆపరేటరు ఒక తాడు తీసి అక్కడ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, దాని జత తాడు అవతలివాళ్ళ నంబరులో గుచ్చేది. మాట అయిపోయాక ఇద్దరిలో ఎవరో ఒకరు హ్యాండిలు మళ్ళీ ఒకసారి తిప్పాలి. అప్పుడు తాడు దగ్గరి మూత పడుతుంది, అయిపోయిందని తెలిసి తాళ్ళు పీకేస్తారు. అంతే. తాళ్ళు మొత్తం పది జతలు. అంటే ఒక్కసారికి ఊళ్ళో పది మాటలు. పదకొండోవాడు ఎంత గొప్పవాడైనా ఆగాల్సిందే.

1962 నవంబరులో ఒకరోజు తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. తుమ్మలపెంట వైపు పడవలు ఒడ్డుకు లాగేశారని పొద్దున్నే కబురు. ఊళ్ళో షావుకార్లకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బస్తాలు తడుస్తాయని ఒకడు, లారీ రాలేదని ఒకడు. ఆ రోజు ఆనందకుమారి సెలవు పెట్టి అల్లూరు పోయింది, తల్లికి జ్వరం. బోర్డు మీద ఉన్నది సమాధానం.

సమాధానం రెండో ఆపరేటరు. పెళ్ళాం, చంకలో బిడ్డ, ఇంకా ఖాయం కాని ఉద్యోగం. చర్చి మాటల్లో సమాధానమంటే శాంతి, మనిషి పేరుకు తగ్గట్టే ఉండేవాడు, గట్టిగా మాట్లాడటం కూడా రాదు. ఆ రోజు పదిన్నరకు కామాక్షయ్య గారి రైసు మిల్లులో ఓబులేసు అనే పనివాడి చెయ్యి మిషను బెల్టులో పడింది. మిల్లువాళ్ళు డాక్టరు గారికి ఫోను చేద్దామని హ్యాండిలు తిప్పారు, మళ్ళీ తిప్పారు, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పారు. ఎక్స్ఛేంజి పలకలేదు. చివరికి ఓబులేసుని ఎద్దుల బండిలో వేసుకుని పోయారు. చాలా నెత్తురు పోయింది. మనిషి దక్కాడు గానీ కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

ఇక చూడండి ఊరి నోరు! సమాధానం నిద్రపోయాడని ఒకడు, తాగి పడిపోయాడని ఇంకొకడు. చుక్క ముట్టని మనిషయ్యా అతను! నేను ముందు గదిలోనే ఉన్నాను, అతను గుక్క తిప్పుకోకుండా "నంబరు చెప్పండి, నంబరు చెప్పండి" అంటుంటే విన్నాను. చెప్తే నమ్మినవాడు లేడు. మూడోనాడు ఓబులేసు పెళ్ళాం నాగులమ్మ వచ్చింది. పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి, దోసిటితో దుమ్మెత్తి సమాధానం మీద పోసింది.

"నీ చేతులు రెండూ బాగుండాయి గదరా! నా మొగుడి చెయ్యి తిన్నావు గదరా! నీ బిడ్డ నోట్లో ముద్ద ఎవురు పెడతారో నేనూ చూస్తా!"

సమాధానం దుమ్ము దులుపుకోలేదు. అట్లాగే నిలబడి ఏడ్చాడు. ఆ వారంలోనే నెల్లూరు నుంచి కాగితం వచ్చింది. విచారణ అయ్యేదాకా అతను పనిలోకి రాకూడదు, తప్పు తేలితే ఉద్యోగం ఊడినట్టే.

నిజం చెప్పాలంటే ఆనందకుమారి కూడా అతన్నే తిట్టింది. "మిల్లు మూత పడి ఉండాది, ముందు అది చూసుకోవాలని తెలియదా సమాధానం? ఇన్నేళ్ళు నేను నీకు నేర్పించిందేంది?" అని ఆ వెనక గదిలో కడిగిపారేసింది. అతను "నేను చూసుకోలేదక్కా, నాకు ఏం జరిగిందో నాకే తెలియలేదక్కా" అన్నాడు. ఆమెకి ఆ మాట నచ్చలేదు. తెలియలేదు అనేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళు మంట.

అతని పని కూడా ఆమె మీదే పడింది. ఒక శనివారం, తుఫానూ లేదు పాడూ లేదు, పదిన్నర ప్రాంతంలో లోపలినుంచి ఆమె గొంతు హెచ్చడం వినిపించింది. ఏమిటా అని తలుపు తోసి చూశాను. బోర్డు మీద పది జతల తాళ్ళూ గుచ్చి ఉన్నాయి. నంబర్ల మూతలు టకటకా పడుతున్నాయి. ఆమె చేతిలో తాడు లేదు. చేతులు రెండూ గాలిలో ఉన్నాయి. కావలిలో ఎవరికీ తగ్గని ఆ మనిషి మొహంలో అంత బెదురు నేను అంతకుముందు చూడలేదు.

"అయిపోయిందని ఎవురూ తిప్పడం లేదన్నా! మాట్లాడుతున్నారో లేదో తెలియడం లేదు! ఈ మూతలు చూడండి!"

అప్పుడర్థమైంది ఆమెకి, తుఫాను నాడు జరిగింది ఇదేనని. అర్థమయ్యాక ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. "సమాధానాన్ని ఊరికే తిట్టినానన్నా. నేనున్నా అదే జరిగేది" అని క్యారియరు మూత మళ్ళీ పెట్టేసింది.

జబ్బు తెలిసింది గదా, మందు వేస్తే సరిపోతుందనుకుంది. ఆమెది మొదటినుంచీ దూకుడు మనిషి. సోమవారం నుంచి, ఒక జత తాళ్ళు ఎక్కువసేపు ఉన్నాయనిపిస్తే పీకేయడం మొదలుపెట్టింది. పాపం, నిజంగా మాట్లాడుకుంటున్నవాళ్ళ మాట నడిమధ్యలో తెగేది. తెగినవాడు ఊరుకుంటాడా? మళ్ళీ తిప్పుతాడు, కోపంతో రెండింతలు తిప్పుతాడు. పీకిన తాళ్ళకంటే కొత్తగా పడిన మూతలు ఎక్కువైనాయి. సరే, పీకడం మానేసి, మధ్యమధ్య తాడు మీదికి వచ్చి "మాట్లాడుతున్నారా?" అని అడగడం పెట్టింది. అంతే, ఎక్స్ఛేంజి అమ్మాయి చాటుగా వింటోందని ఊరంతా గుప్పుమంది. దాంతో షావుకార్లు ధరలు సూటిగా చెప్పడం మానేసి సైగ మాటల్లో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ముక్కలో అయిపోయే మాట మూరెడు సాగింది. తాళ్ళు ఇంకా ఆలస్యమైనాయి.

నాకు నవ్వాగలేదు. "నువ్వు ఇక్కడ నొక్కితే అక్కడ ఉబ్బుతోంది గదమ్మా" అన్నాను.

ఆమె కసురుతుందనుకున్నాను. కసరలేదు. బోర్డు వంక చూసి, "బోర్డు ఈ గదిలో ఉండాదనుకుంటా ఉన్నాం అన్నా మనం. ఈడ లేదు. ఊరంతా ఉండాది. ఆ అరవై ఇళ్ళల్లో ఏం జరుగుతుందో తెలియకుండా ఈడ కూర్చుని తాళ్ళు పీకితే ఏం లాభం?" అంది.

అదే సాయంత్రం సమాధానం ఇంటికి పోయింది. నన్నూ లాక్కుపోయింది, ఒక్కతే పోవడానికి మొహం చెల్లలేదేమో. పోగానే అతని చేతులు పట్టుకుని, "తప్పు నాది సమాధానం. ఆ దినం ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు. నీ తప్పు కోసం అడగడం లేదు, బోర్డు కోసం అడుగుతున్నా" అంది. ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని తలపోసి గుర్తు తెచ్చుకున్నదంతా అతను ఒక్కొక్కటే చెప్పాడు.

ఆ ఉదయం మిల్లు కామాక్షయ్య గారు తన మామగారి ధాన్యం కొట్టుతో మాట్లాడారు. మాట అయిపోయినా ఇద్దరిలో ఎవరూ హ్యాండిలు తిప్పలేదు. కొట్టువాళ్ళు తాళం వేసుకుని వెళ్ళిపోయారు. మిల్లు నంబరులో తాడు అట్లాగే ఉంది. ఓబులేసు చెయ్యి నలిగినప్పుడు మిల్లువాళ్ళు గాభరాగా హ్యాండిలు తిప్పితే ఇక్కడ పడింది మిల్లు నంబరు మూత కాదు, తాడు దగ్గరి మూత. అంటే, మా మాట అయిపోయింది అని అర్థం. సమాధానం నేర్పిన ప్రకారం తాళ్ళు పీకేశాడు. ఆదుకోమని వాళ్ళు పెట్టిన కేక ఇక్కడికి సెలవు తీసుకున్నట్టుగా చేరింది. మళ్ళీ తిప్పితే ఈసారి మిల్లు మూత పడింది గానీ, అప్పటికే పడివున్న ఇరవై మూతల్లో అదీ ఒకటి. మూతలన్నీ ఒకేలా ఉంటాయి. ఏ మూత వెనక నెత్తురు కారుతోందో ఎవరికి తెలుస్తుంది?

"మరి ఇదంతా నీ సంజాయిషీ కాగితంలో ఎందుకు రాయలేదురా నాయనా?" అని నేను కేకేశాను.

"పెద్దోళ్ళ మీద తోసినట్టు ఉంటుంది గదా గుమాస్తా గారూ" అన్నాడు సమాధానం. "వాళ్ళు తిప్పలేదంటే ఎవురు నమ్ముతారు?"

దారిలో నేను ఆమెతో పోట్లాటే పెట్టుకున్నాను. "చేతికి అందింది గదమ్మా! విచారణలో ఒక్కమాట చెప్పు. తప్పు మిల్లు ఓనరుదని తేలిపోతుంది, ఇతను బయటపడతాడు."

"అప్పుడు నాగులమ్మక్క దుమ్ము తీసుకుపోయి కామాక్షయ్య గారి గుమ్మంలో పోస్తుంది" అంది ఆనందకుమారి. "ఊరు ఇతన్ని వదిలి ఆయన మీద పడుతుంది. బోర్డు మాత్రం అట్నే ఉంటుంది. రేపు ఇంకొకరి చెయ్యి పోతుంది. ఆయనొక్కడే తిప్పలేదా అన్నా? ఊళ్ళో ఎవురు తిప్పుతున్నారు?"

"మరి సమాధానం ఉద్యోగం?"

ఆమె నడక వేగం పెంచింది. నాకు తిక్కరేగింది, నా దారిన నేను ఇంటికి పోయాను.

మరుసటి రోజు నుంచీ, డ్యూటీ అయ్యాక గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఫోనున్న ప్రతి ఇంటికీ పోయి, అయిపోయాక హ్యాండిలు తిప్పండి అని దణ్ణం పెట్టి చెప్పింది. అందరూ కాఫీ ఇచ్చారు, అందరూ తల ఊపారు, ఒక్కరూ తిప్పలేదు. అలా తల ఊపి ఊరుకోవడంలో మా ఊరివాళ్ళని మించినవాళ్ళు లేరు. ఆమె విసిగిపోయి, చివరికి గురవమ్మ గారని బట్టల షావుకారు తల్లి ఉండేది, ఆమె దగ్గర కూలబడింది.

"ఎందుకు తిప్పరు అవ్వా? చెయ్యి నొప్పా? చెప్పండి, నేను ఏమీ అనుకోను."

ముసలామె ఆకు నములుతూ చెప్పింది. "ఎట్టా తిప్పుతారే? ఈడ తిప్పితే ఆడ గంట మోగుద్ది. పెద్దాయన మాట ముగించి కూర్చున్నాక ఆయన ఇంట్లో గంట కొట్టేదా? ఆయన మళ్ళీ లేచొచ్చి ఎత్తితే ఈడ ఎవురూ ఉండరు. మొహాన తలుపేసినట్టు కాదూ? మా పెద్దోడు ఒకసారి వాళ్ళ మేనమామకి అట్నే తిప్పినాడు. ఆయన మూడు నెలలు మా గడప తొక్కలా."

అదీ సంగతి! మర్యాద! ఊరంతా మర్యాద చేసుకుంటూ కూర్చుంది, పది జతల తాళ్ళకీ ఉరి బిగిసింది. నాకైతే తల బాదుకోవాలనిపించింది. ఆనందకుమారి మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని ముసలామెనే చూస్తోంది.

"అవ్వా, మీ ఇంటికి ఎవురన్నా వచ్చి పొయ్యేటప్పుడు సెలవిచ్చేది ఎవురు? వాళ్ళా, మీరా?"

"నేనే గదే. పెద్దదాన్ని నేనుండగా వాళ్ళు ఎట్టా ఇస్తారు?"

"అయితే ఫోనులో కూడా పెద్దోళ్ళే తిప్పాలి. తిప్పితే సెలవిచ్చినట్టు. అప్పుడు చిన్నోళ్ళ ఇంట్లో గంట మోగుతుంది, వాళ్ళకేం చిన్నతనం?"

గురవమ్మ గారు నమలడం ఆపింది. "ఇది బాగుండాదే" అంది.

మళ్ళీ అరవై ఇళ్ళూ తిరిగింది. ఈసారి యజమానులతో కాదు, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడింది. మీరు సెలవియ్యకపోతే చిన్నవాళ్ళు పాపం ఎట్లా పోతారు అంది. చూస్తుండగానే అది పట్టుకుంది. ముసలివాళ్ళకి అదొక హోదా అయిపోయింది. తాత తిప్పకముందే మనవడు తిప్పితే "నేనింకా సెలవియ్యలేదురా!" అని కేకలు. ఎవరు పెద్దో తేలక ఇద్దరు వియ్యంకులు ఒకేసారి తిప్పుకున్నారని కూడా విన్నాం. సంక్రాంతి దాటేసరికి పదిన్నర వేళ కూడా రెండు మూడు జతల తాళ్ళు ఖాళీగా వేలాడుతుండేవి. ఆమె ఎవర్నీ కసరాల్సిన పని లేకపోయింది, అయినా కసిరేది, అది వేరే విషయం.

అట్లా తిరిగినప్పుడే మిల్లుకీ పోయింది. కామాక్షయ్య గారు అంతా విన్నారు. విన్నాక ఆయన మొహం మారిపోయింది.

"అమ్మాయ్, ఆ దినం పొద్దున మా మామతో మాట్లాడినా. ఆయన తిప్పలా, నేనూ తిప్పలా. ఆ తాడు..." అని ఆగిపోయారు.

ఆమె తల వంచుకుంది. ఆయన కాఫీ తాగి పొమ్మని కూడా అనలేదు.

ఫిబ్రవరిలో విచారణకి నెల్లూరు నుంచి ఇంజనీరు గారొచ్చారు. మంచివాడే, అలసిపోయిన మనిషి. పోస్టాఫీసులోనే బల్ల వేశాం. సమాధానం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బయట అరుగు మీద ఓబులేసు, నాగులమ్మ. ఆనందకుమారి బోర్డు సంగతంతా చెప్పింది, అరవై ఇళ్ళ సంగతీ చెప్పింది, మిల్లు సంగతి తప్ప. సమాధానం కూడా నోరెత్తలేదు. నాకు లోపల ఉడికిపోతోంది.

ఇంజనీరు గారు అంతా విని, "నువ్వు చెప్పింది అర్థమైందమ్మా. కానీ ఊరంతా కారణమంటే నేను ఏం రాయాలి? ఆ సమయంలో బోర్డు మీద ఉన్నది ఇతనే గదా? ఎవరో ఒకరు బాధ్యులు కావాలి గదా?" అన్నారు.

"నేను బాధ్యుణ్ణి" అన్నారు గుమ్మంలోంచి ఎవరో. చూస్తే కామాక్షయ్య గారు, చెప్పులు విడిచి లోపలికొస్తున్నారు. "నా పేరు రాసుకోండి సార్. ఆ తాడు నాది. ఈ అబ్బయ్య పీకినాడంటే నేను మాట ముగించి తిప్పలా గనక పీకినాడు. ఈ అమ్మాయికి తెలుసు. నా పేరు బయట పెట్టలా."

నాగులమ్మ అరుగు మీంచి ఒక్క ఉదుటున లోపలికి వచ్చింది. "అయితే నువ్వా?" అని ఆయన మీదికి పోబోయింది. ఆనందకుమారి అడ్డం వెళ్ళి ఆమె భుజాలు పట్టుకుంది.

"కాదక్కా, ఆయన కాదు. విను..."

"ఈయన కాదు! వాడు కాదు!" నాగులమ్మ గొంతు పగిలింది. "ఎవురూ కాకపోతే నా మొగుడి చెయ్యి యాడికి పొయ్యింది? గాలి తినిందా? చెప్పు!"

ఇంజనీరు గారు కలం కింద పెట్టేశారు. నేను స్టాంపుల డ్రాయరు వైపు చూస్తూ నిలబడ్డాను. అరవై ఇళ్ళల్లో అందరికీ నచ్చజెప్పిన మనిషి, ఆనందకుమారి, నాగులమ్మతో పాటే నేల మీద కూలబడింది.

"అందరం తిన్నామక్కా" అంది. "నేనూ తిన్నా. ఆ బోర్డు నాది. అది అట్టా ఉండాదని నేను ముందే చూసుకోవలసింది. చూసుకోలా."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఓబులేసు గుమ్మం దగ్గరికి వచ్చి, ఉన్న చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎంతోసేపటికి నాగులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గోడ దగ్గరికి పోయి సమాధానానికి ఎదురుగా నిలబడింది. అతను కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ దుమ్ము పడుతుందనుకున్నాడు కాబోలు.

"నీకు బిడ్డ ఉండాడు గదా" అంది నాగులమ్మ. "పో నాయనా. పోయి నీ పని చూసుకో. నీ కూడు లాక్కుంటే నా మొగుడికి చెయ్యి మొలుస్తుందా?"